దీపాల అవ్వ గొంతు

వేణి ఆ ప్రకటనను పదకొండుసార్లు చూసింది. ఒక్కసారి కూడా చప్పుడుతో చూడలేదు.

కంటి ఆసుపత్రిలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటిదాకా రోగులుండరు. అద్దాల పవరు చూసే చీకటి గదిలో, అక్షరాల పలక ఎదురుగా కూర్చుని, టిఫిన్ డబ్బా మూతకి ఫోను ఆనించి పెట్టుకుని చూసేది. నీలంగా సముద్రం. అందులో చిన్న పడవ. పడవలో జడలు ఊపుకుంటూ చుక్క అనే పిల్ల, చేతిలో నూనె కూజా. తరవాత మూడో దీపస్తంభం, దాని తలుపు దగ్గర కంబళి కప్పుకున్న మనిషి. ఆ మనిషి నోరు తెరిచేసరికి వేణి బొటనవేలు వెళ్ళి చప్పుడు మీట మీద ఉండేది, అది అప్పటికే నొక్కి ఉన్నా సరే. చివర్న అక్షరాలు పడేవి: "ఉప్పు దీవి. మళ్ళీ."

ముప్పై ఏళ్ళ కిందట విశాఖపట్నంలో నలుగురు కలిసి పెట్టిన చిన్న కంపెనీ తయారుచేసిన కంప్యూటర్ ఆట అది. ఏడు దీపస్తంభాలకి నూనె మోసుకెళ్ళాలి, అంతే కథ. మూడు భాగాలు వచ్చాయి. ఆ తరవాత కంపెనీ మూతపడింది. ఆట రాసిన యంత్రాలు ఒక తుపానులో ఉప్పునీళ్ళు తాగి పోయాయి. జనం దగ్గర మిగిలిన డిస్కులకి బూజు పట్టింది. అన్నీ కలిపి నడిపినా ఇప్పుడు సగం ఆట కూడా నడవదు. ఆ ఆటను ప్రేమించినవాళ్ళు మాత్రం వేలల్లో ఉన్నారు. వాళ్ళందరూ కూడే ఆన్‌లైన్ గుంపులో వేణి పేరు చెబితే కొత్తవాళ్ళు జంకుతారు. కొత్త ఆట ప్రకటన వచ్చిన రోజే ఆవిడ రాసింది: "దీపాల అవ్వను మగాణ్ణి చేసేశారు. అసలు ఆవిడకి జలుబు ఉండేది. మాటకీ మాటకీ మధ్య ముక్కు ఎగబీల్చేది. అది కూడా లేకపోతే ఇంకేం ఆట?"

దానికి నలభైమంది జవాబిచ్చారు. అవ్వ ఎవరండీ, అది తాత కదా అన్నారు. జలుబేమిటండీ అన్నారు. మొదటి భాగంలో ఎవరూ నోరు విప్పి మాట్లాడరు, ఉన్నదల్లా పిల్లనగ్రోవి రాగం ఒకటే అన్నారు. వేణి ఎవరికీ జవాబివ్వలేదు. వాళ్ళంతా తరవాత వచ్చిన ఏదో చవక కూర్పు ఆడి ఉంటారనుకుంది.

ఆమె భయం వేరు. దాన్ని ఎవరితోనూ అనలేదు. కొత్త గొంతు ఒక్కసారి చెవిన పడితే పాత గొంతు మళ్ళీ దొరకదేమోనని. రోజూ వందమందికి అద్దాలు మార్చి మార్చి పెట్టి, "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని అడిగే మనిషికి తెలుసు, రెండోది చూశాక మొదటిది ఎలా ఉండేదో చాలామంది చెప్పలేరు. "మళ్ళీ మొదటిది పెట్టండి" అంటారు. కంటికైతే మళ్ళీ పెట్టొచ్చు.

*

కొత్త కంపెనీవాళ్ళు ఆటను డిస్కుల్లోంచి తీయడం లేదు, ఆడినవాళ్ళ తలల్లోంచి తీస్తున్నారు. మధురవాడ కొండ మీద వాళ్ళ ప్రయోగశాల. అక్కడినుంచి పిలుపు వస్తే వేణి వెంటనే ఒప్పుకుంది. సాయం చేద్దామని కాదు, కాపలా కాద్దామని.

డాక్టర్ ఇమ్మానుయేలు యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. వేణి తలకి మెత్తటి టోపీ తొడిగి, దాని కింద చల్లటి జిగురు రాస్తూ, "మీరు చేసే పని ఒక్కటేనండీ, తలుచుకోవడం. మిగతాది ఇది చూసుకుంటుంది" అన్నాడు.

"తలుచుకుంటే పోతుందని విన్నాను."

"పోదు. పచ్చిగా అవుతుంది." ఆయన చేయి తుడుచుకున్నాడు. "జ్ఞాపకం అటక మీద పెట్టిన ఇత్తడి గిన్నె కాదండీ. తీసిన ప్రతిసారీ కుమ్మరి సారె మీది కుండే. మళ్ళీ ఆరేదాకా వేలు తగిలినా గుర్తు పడిపోతుంది. మామూలుగా తలుచుకుంటే పైపైన కాస్త తడి. ఈ టోపీతో తలుచుకుంటే గంటన్నర దాకా లోపలంతా పచ్చే. అంతసేపూ మిమ్మల్ని ఆ గదిలో కూర్చోబెడతాం. బూడిదరంగు గోడలు, చెవుల్లో దూది, ఫోను లేదు. కుండ ఆరాక ఇంటికి వెళ్ళిపోవచ్చు."

"ఎవరికైనా ఆరకముందే వేలు తగిలిందా?"

ఇమ్మానుయేలు తలుపు వైపు చూశాడు. బయట బల్ల మీద కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి చేయెత్తాడు. "నాకే తగిలిందండీ. సన్యాసిరావంటారు. పెందుర్తి ఆటో స్టాండు."

"ఏమైందండీ?"

"ఆట మొదట్లో పిల్లనగ్రోవి వస్తాది కదండీ. అది తలుచుకుని ఆ గదిలో కూర్చున్నాను, అప్పటికింకా దూది లేదండీ. ఎనకాల కాంటీనులో కుక్కరు పెట్టినారు. మూడు కూతలు." నవ్వాడు. "ఇప్పుడు ఆ రాగం తలుచుకుంటే మజ్జిలో మూడు కూతలొస్తాయి. కూతలు లేకుండా ఎలాగుండేదో ఎంత ఎతికినా దొరకదండీ. మా ఆవిడైతే పప్పు ఉడికిందేమో చూడండని ఏడిపిస్తాది."

నోరు నవ్వుతోందిగాని, కళ్ళు పోగొట్టుకున్నదాన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నాయి. రోజూ కళ్ళలోకి చూసే పని కాబట్టి వేణికి అది తెలిసింది.

మొదటిరోజు చిన్న ముక్కే తీశారు. ఆట మొదలు, ఒడ్డున చుక్క పడవ ఎక్కడం. వేణి కళ్ళు మూసుకుని తలుచుకుంది. ఎదురుగా తెర మీద మసక మసకగా ఇసుక, అలలు, పడవ తేలాయి. ఇమ్మానుయేలు సంతోషంగా తలూపాడు. అంతలో తెర పక్క పెట్టెలోంచి గొంతు వచ్చింది.

"చుక్కా, ఓ చుక్కా! పడవెక్కవే. సముద్రం నీకోసం ఆగుద్దేటి?" తరవాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

ఇమ్మానుయేలు తల ఊపడం ఆపేశాడు. "ఇప్పటికి రెండు వందల పన్నెండుమందిని తీశాం. అందరిలోనూ రాగం ఉంది. మీలో రాగమే లేదు. ఈ పిల్ల ఎవరండీ?"

వేణి పెట్టె వైపే చూసింది. తెలియక కాదు. ఎప్పుడూ తెలిసిన సంగతే, ఎన్నడూ అనుకోని సంగతి.

వాళ్ళ నాన్న చక్కెర కర్మాగారంలో చెరుకు తూకం గుమాస్తా. ఆదివారాలు బళ్ళు రావు. తూకం గదిలో కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చునేవారు. బాణం మీటలు అక్కవి. పొడుగు మీట వేణిది, అంటే దూకడం ఒక్కటే ఆమె పని. ఆ కంప్యూటర్‌కి స్పీకర్లు లేవు. చెరుకు తూకానికి పాటలెందుకని మేనేజరు కొననివ్వలేదు. తెర అడుగున మాటలు అక్షరాల్లో పడేవి. వేణికి అప్పుడు ఆరేళ్ళు, ఇంకా కూడబలుక్కుని చదివే వయసు. చదివింది అక్క. పన్నెండేళ్ళ నూకరత్నం. ఏడాదికి పది నెలలు జలుబు.

ముప్పై ఏళ్ళుగా తాను ప్రేమించింది ఆటనా, అందులో లేని గొంతునా అన్న ప్రశ్న వేణి మెదడులోకి వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

*

ఆ గొంతు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు.

మూడేళ్ళ కిందట రత్నానికి గొంతులో రాచపుండు తేలింది. స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ దగ్గర చిన్న రంధ్రం మిగిలింది. దానికి వేలు అడ్డం పెట్టి మాట్లాడడం ఆసుపత్రిలోనే నేర్పారు. మంచం చుట్టూ అందరూ నిలబడి ఉండగా రత్నం వేలు పెట్టి, కళ్ళు మెరిపిస్తూ, మొదటి మాట అంది: "వేణీ."

ఇనప తలుపు నేల మీద ఈడ్చినట్టు వచ్చింది ఆ పేరు.

వేణి ఏమీ అనలేదు. ఆమె మొహమే అనేసింది. అర క్షణం ముడుచుకుని, వెంటనే సర్దుకుని నవ్వింది. రత్నం చూసింది. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు. కోపంగా లేదు. పండక్కి చీర పెడుతుంది, చేపల పులుసు పంపిస్తుంది. ఏం చెప్పాలన్నా ఫోనులో రాస్తుంది. ఎదురుగా కూర్చుని కూడా రాసి చూపిస్తుంది. పాత వీడియోల్లో ఉన్న తన గొంతునంతా ఇంటిల్లిపాది చేత చెరిపించింది. "బతికుండగా ఫోటోకి దండేసినట్టుంది, తీసేయండి" అని రాసింది. వేణి కూడా తీసేసింది. తీసేస్తుంటే ఒక్కటి దాచుకోవాలనిపించింది. దొంగతనంలా ఉంటుందని మానేసింది.

అనకాపల్లిలో రత్నం అంగన్‌వాడీ టీచరు. ఇక బడికి వెళ్ళదనుకున్నారంతా. నెల తిరక్కుండా వెళ్ళింది. పిల్లలు రెండు రోజులు వింతగా చూశారట, మూడో రోజు నుంచి "గరగర టీచర్, ఇంకో కథ" అని చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడారట. బావ ఈ సంగతి చెప్పినప్పుడు వేణి, "అలాగా" అని ఊరుకుంది. నాలుగేళ్ళ పిల్లలకి రెండు రోజులు పట్టిన పని తనకి మూడేళ్ళయినా చేతకాలేదు. దానికి పేరేమిటి? ప్రేమ అని తను పెట్టుకుంది. ఒక్కోసారి, రోగికి అద్దం మారుస్తూ మారుస్తూ, అది ప్రేమ కాదేమో, పాతదాన్ని పట్టుకుని కొత్తదాన్ని శిక్షించడమేమో అనిపించేది.

కొండ మీంచి వచ్చిన మర్నాడు ఇమ్మానుయేలు ఫోను చేశాడు. మూడో దీపస్తంభం ఘట్టం ఎవరి జ్ఞాపకంలోనూ నిండుగా దొరకడం లేదట, మీరిస్తారా అని.

"ఆ గొంతు నాకు నకలు చేసి ఇస్తారా?"

"ఇస్తాం. కాని ఒకటి చెప్పాలి. మీరు ఎంత గట్టిగా తలుచుకుంటే అంత చక్కగా వస్తుంది. ఎంత చక్కగా వస్తే అంత పచ్చిగా ఉంటుంది. నిన్నటిది చిన్న ముక్క. ఇది మీ లోపలి అరలోది."

"నేను గదిలోంచి కదలను."

పెట్టెలోకి వస్తే అది అక్కకీ దక్కుతుంది. తన లోపల ఉన్నది అలాగే ఉంటుంది. రెండు చోట్ల భద్రం. వేణి అక్కకి రాసింది: "శనివారం నాలుగింటికి మధురవాడ రా. నీకొకటి వినిపించాలి."

"ఏటది?"

"వచ్చాక."

"సరే. పులుసు తేనా?"

*

శనివారం రెండింటికి టోపీ పెట్టారు.

ఈసారి వేణి పైపైన తలుచుకోలేదు. తూకం గది తలుపు తీసుకుని వెళ్ళింది. బెల్లం వాసన, ఒక తొడ కింద కుర్చీ అంచు గుచ్చుకోవడం, అక్క మోచేయి తన పక్కటెముకలకి తగలడం. తెర మీద చుక్క మూడో దీపస్తంభం మెట్లెక్కింది. కూజా బోర్లించింది. బొట్టు నూనె లేదు. దీపం కొడిగట్టింది. తెర నల్లబడుతోంది. కంబళి కప్పుకున్న అవ్వ తల తిప్పి చూసింది.

"నూనె అయిపోయింది." ముక్కు ఎగబీల్పు. "అయిపోతే అయిపోయిందిలే. కూర్చో. తెల్లారిపోద్ది."

గాజు అవతల ఇమ్మానుయేలు రెండు వేళ్ళెత్తి చూపించాడు. బాగా వచ్చిందని. టోపీ తీసి, చెవుల్లో దూది పెట్టి, గాజు కిటికీ ఉన్న బూడిదరంగు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. గోడ గడియారంలో రెండున్నర. నాలుగింటిదాకా ఉలకకూడదు. అక్క వచ్చేదీ నాలుగింటికే. వేణి గోడ చూస్తూ కూర్చుంది. లోపల ఆ గొంతు ఇంకా తడిగా, మెరుస్తూ, చేయి పెడితే అంటుకునేలా ఉంది.

ఆమె మరిచిపోయింది ఒక్కటే, తమ ఇంటి అలవాటు. చెరుకు తూకం దగ్గర ముందొచ్చిన బండికే ముందు తూకం. వెనకబడితే ఎండలో చెరుకు ఎండి బరువు తగ్గుతుంది. నాన్న అది ఇంటికి మోసుకొచ్చాడు. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, సినిమాకైనా ఆ ఇంట్లోవాళ్ళు గంట ముందే ఉంటారు. వేణి కూడా తన జీవితమంతా అంతే. ఈ ఒక్కరోజే అక్కని మామూలు మనిషిలా లెక్కేసింది.

మూడింటికి తలుపు తెరుచుకుంది.

రత్నం. ఒక చేతిలో స్టీలు క్యారేజీ. మెడ చుట్టూ పలచటి పూల గుడ్డ. వేణి చెంపల మీద తడి చూసి క్యారేజీ నేల మీద పెట్టేసింది. గబగబా నాలుగడుగులు వేసింది. ఫోను తీయడానికి సంచిలో చేయి పెట్టింది, దొరకలేదు. కంగారులో, మూడేళ్ళుగా చెల్లెలి ముందు చేయని పని చేసింది. గుడ్డ పక్కకి జరిపి మెడ మీద వేలు పెట్టుకుంది.

వేణి చేయి దానంతటది లేచింది. వద్దు, మాట్లాడకు అని అరచేయి చూపించడానికి.

సగంలో ఉన్న ఆ చేతిని వేణి చూసింది. గుర్తుపట్టింది. ఆ రోజు మంచం పక్కన మొహం చేసిన పనే ఇవాళ చేయి చేస్తోంది. ఆ రోజు తనకి తెలియకుండా జరిగింది, ఇవాళ తెలిసి జరగబోతోంది. చేయి ఇంకో జానెడు లేస్తే అక్క వేలు దిగిపోతుంది, గొంతు భద్రంగా ఉంటుంది. అక్క ఇక ఎన్నటికీ ఆ వేలు పెట్టదు.

అవతల గాజు మీద ఎవరో దబదబా బాదుతున్నారు. ఇమ్మానుయేలు. నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తున్నాడు, ఏమీ వినపడటం లేదు.

వేణి ఆ చేతిని చెవి దగ్గరికి తీసుకెళ్ళింది. దూది తీసేసింది. రెండో చెవిదీ తీసేసింది.

"చెప్పక్కా" అంది.

"ఏటైందే?" ఇనప తలుపు నేల మీద ఈడ్చుకుంది. "ఎవరేటన్నారు? ఎందుకేడుస్తన్నావు?"

"ఎవరూ ఏమనలేదు. నువ్వెలా వచ్చేశావ్? బయట బోర్డు పెట్టారు కదా."

"మాట్లాడకూడదనే కదా ఉంది. నాకోసమే రాసుంటారనుకుని తోసుకొచ్చేశాను."

వేణికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపూ వచ్చింది. రత్నం కొంగుతో మొహం తుడిచింది, ఆరేళ్ళ పిల్లకి తుడిచినట్టు గట్టిగా.

"అక్కా, ఉప్పు దీవి గుర్తుందా? నూనె అయిపోయాక దీపాల అవ్వ ఏం చెప్పేది?"

"అవ్వేటి? ఆడు తాత కదే. కింద పేరు రాసుండేది."

"మరి అవ్వ అని చెప్పావు కదా నాకు!"

"మగ గొంతు పెడితే దగ్గొచ్చేది నాకు. అందుకని అవ్వని చేసేశాను. నీకేం తెలుసు, పొడుగు మీట నొక్కడం తప్ప."

"ఏం చెప్పేది?"

రత్నం వేలు మార్చి పెట్టుకుంది. గుర్తు తెచ్చుకుంటున్నప్పుడు ఆమె కనుబొమలు ఇప్పటికీ ఒకటి పైకి ఒకటి కిందికి పోతాయి. "'నూనె అయిపోయింది. వెనక్కు వెళ్ళు' అని రాసుండేది. ఒక్కసారి ఉన్నదున్నట్టు చదివాను. నువ్వు బల్ల కింద దూరి గంటసేపు ఏడ్చావు. నాన్నొచ్చి నన్ను తిట్టాడు. అప్పటినుంచి మార్చేశాను."

"ఎలా మార్చావో చెప్పు."

"ఇప్పుడా? ఈ గొంతుతోనా?"

"ఈ గొంతుతోనే."

రత్నం చెల్లెలి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. మూడేళ్ళ కిందట ఆ మొహం మీద చూసినదాని కోసం వెతికింది. దొరకలేదు కాబోలు.

"అయిపోతే అయిపోయిందిలే" అంది గరగరమంటూ. "కూర్చో. తెల్లారిపోద్ది."

గాజు అవతల ఇమ్మానుయేలు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

*

నాలుగు దాటాక, కుండ ఆరాక, ఆయన పెట్టెలోని గొంతు వినిపించాడు. "చుక్కా, ఓ చుక్కా" అని మొదలుపెట్టి "తెల్లారిపోద్ది" దాకా. రత్నం తల వంచుకుని వింది. బొటనవేలితో క్యారేజీ పిడి మీద గీస్తూ ఉంది. అయిపోయాక పిడి వదిలేసింది.

"ఛీ" అంది చివరికి. "ముక్కు చీదుకుని రావొచ్చు కదేటి ఈ పిల్ల?"

ఆమె నవ్వుకి ఇప్పుడు చప్పుడుండదు. భుజాలు మాత్రం ఊగుతాయి. చాలాసేపు ఊగాయి. తరవాత, ఎన్నడూ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని మనిషి, ఇమ్మానుయేలు వైపు తిరిగి మెడ మీద వేలు పెట్టుకుంది. "ఇంకోసారి పెట్టండి బాబూ" అంది.

ఆయన పెట్టాడు. వేణి వినలేదు. పక్కకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. తప్పించుకోలేని పని ఒకటి ఉంది, అది ఇప్పుడే చేయాలి. తూకం గది తలుపు తీసింది. బెల్లం వాసన ఉంది. మోచేయి ఉంది. కొడిగట్టిన దీపం ఉంది. అవ్వ తల తిప్పింది, నోరు తెరిచింది.

గరగర.

పన్నెండేళ్ళ పిల్ల గొంతు కోసం అటూ ఇటూ వెతికింది. పక్కన పెట్టెలో మోగుతున్నది తన లోపల లేదు. పన్నెండేళ్ళ అక్క, రెండు జడల అక్క, ఈ పెద్ద గొంతుతో మాట్లాడుతోంది. సన్యాసిరావు కళ్ళు గుర్తొచ్చాయి. ఇప్పుడు గుండె జారిపోతుంది అనుకుని దానికోసం ఎదురుచూసింది. అది జారలేదు. మూడేళ్ళుగా నెత్తిన నిండు బిందె పెట్టుకుని, చుక్క ఒలకకుండా, మెడ తిప్పకుండా నడిచినట్టుంది ఇన్నాళ్ళూ. బిందె ఎవరో దించారు. మెడ నొప్పి ఉంది. అయినా ఎంత తేలికో.

అంతలో, గరగర మాటకీ మాటకీ మధ్య, చిన్న చప్పుడు వినిపించింది లోపల. ముక్కు ఎగబీల్పు.

అక్క ఇప్పుడు ముక్కుతో గాలి పీల్చదు, మెడలోంచే పీల్చుతుంది. జలుబు చేసినా ఎగబీల్చడం కుదరదు. మరి అది ఇవాళ్టిది కాదు, పాతదే. దాన్ని ఏ వేలూ చెరపలేదు.

ఇమ్మానుయేలు కాగితాల అట్ట పట్టుకుని వచ్చాడు, మొహం వేలాడేసుకుని. "తప్పు మాదేనండీ. తలుపు దగ్గర అమ్మాయి టీకి వెళ్ళింది. ఇక్కడ నింపాలి. జ్ఞాపకానికి నష్టం జరిగింది, జరగలేదు. ఏది కొట్టేయమంటారు?"

పవరు చూసేటప్పుడు ఒక ఘడియ వస్తుంది. మొదటిదా రెండోదా, మొదటిదా రెండోదా అని అడిగి అడిగి, చివరికి రోగి తికమకపడి తప్పు చేసినట్టు మొహం పెట్టి ఒక మాట అంటాడు. అంటే ఇక మార్చక్కర్లేదని, అద్దం కుదిరిందని అర్థం.

"రెండూ ఒకేలా ఉన్నాయండీ" అంది వేణి.

*

దసరా సెలవుల్లో కొత్త ఉప్పు దీవి వచ్చింది. అనకాపల్లిలో రత్నం ఇంట్లో, ఎండ ఇంకా కిటికీలో ఉండగానే, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక కుర్చీలో పట్టక రెండు కుర్చీలు అంటించి కూర్చున్నారు. కంపెనీవాళ్ళు అంతకు ముందే రత్నం మాటల్ని ఆటలో పెట్టుకుంటామని అడిగారు. ఆమె కాగితం మీద రాసి పంపింది: "మీ తాతకి మీ మాట చాలు. అది మా చెల్లి కోసం చెప్పింది."

"బాణాలు నావి" అంది రత్నం.

"తెలుసులే."

వేణి చప్పుడు తీయకుండా ఆడింది. సముద్రం మరీ నీలంగా ఉంది. పడవ అవసరానికి మించి పరిగెత్తుతోంది. చుక్క జడలకి ఎవరో పట్టు రిబ్బన్లు కట్టారు, అది ఆమెకి అస్సలు నచ్చలేదు. గుంపులో ఏం రాయాలో రెండు మూడు వాక్యాలు అప్పుడే తయారయ్యాయి. కాని ఇసుకలో దిగేముందు చుక్క ఒక్క క్షణం తటపటాయించింది, అచ్చం అప్పటిలాగే, చన్నీళ్ళలో కాలు పెట్టే పిల్లలా. అది ఎవరి తలలోంచి వచ్చిందో. ఎవరో దాచి ఉంచారు. తయారైన వాక్యాల్లో ఒకటి కొట్టేసింది.

పిల్లనగ్రోవి మొదలైంది. వేణి అది వినడం నిజానికి ఇదే మొదటిసారి. బాగుంది. సన్యాసిరావు ఎక్కడో ఆటో ఆపి, ఇదే వింటూ ఉంటాడనిపించింది. ఎలా వినిపిస్తోందో ఆయనకి.

మూడో దీపస్తంభం. మెట్లు. ఖాళీ కూజా. దీపం కొడిగట్టింది. కంబళి కప్పుకున్న తాత, మంచి గంభీరమైన గొంతుతో, ఏ లోపమూ లేని గొంతుతో, అన్నాడు: "నూనె అయిపోయింది. వెనక్కు వెళ్ళు."

రత్నం చేయి చాపి చప్పుడు ఆపేసింది.

తెర మీద తాత నోరు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు. అడుగున అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. రత్నం మెడ మీదికి వేలు తీసుకెళ్ళి, ఏమనుకుందో, దించేసింది. తెర వైపు గడ్డంతో చూపించింది. నువ్వు చదువు అన్నట్టు.

"నేనా?"

తలూపింది. ఇప్పుడు చదవడం వచ్చు కదా అన్నట్టు కనుబొమ ఎగరేసింది.

వేణి గొంతు సవరించుకుంది. మగ గొంతు పెట్టబోయింది, దగ్గొచ్చింది. రత్నం భుజాలు ఊగడం మొదలుపెట్టాయి.

"నూనె అయిపోయింది" అంది వేణి. ఆగింది. గట్టిగా, గది అంతా వినపడేలా, ముక్కు ఎగబీల్చింది. "అయిపోతే అయిపోయిందిలే. కూర్చో."

రత్నం కుర్చీ దగ్గరికి జరుపుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బాణం మీటలు వదిలేసి, కూర్చుంది.